మీసమున్న మూతికి మాస్కు కోసం

మా మార్కాపురంలో ఎవరైనా ఊరు విడిచి పోయి వస్తే "ఎక్కడికి పోయినారు" అని అడగరు, "ఏం తెచ్చినారు" అని అడుగుతారు. తిరుపతి పోతే లడ్డూ తేవాలి, కేరళ పోతే అరటికాయ చిప్స్ తేవాలి. నేను పోయింది పామూరు, కొనకనమిట్ల, గిద్దలూరు. తెచ్చింది ఒక మాస్కు. అది వీధిలో పంచిపెట్టే వస్తువు కాదు కాబట్టి, పోయివచ్చిన ముచ్చట్లయినా పంచుదామని ఇది రాస్తున్నాను.

పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికి రాగలిగే ఊళ్లకు కూడా యాత్ర అని పేరు పెడతారా అని నవ్విన పెద్దమనుషులు మా వీధిలో ఉన్నారు. అందులో ఒకాయన పోయినేడు యూరప్ తిరిగి వచ్చాడు. అక్కడి దేశాలన్నిటినీ బస్సు అద్దంలోంచి చూసి, ప్రతి దేశంలోనూ పెరుగన్నమే తిని, తిరిగొచ్చి మాకు పూటంతా ఫోటోలు చూపించాడు. ఏ దేశంలోనూ ఆయన్ను పలకరించిన నాథుడు లేడు. నన్ను మాత్రం ఒక ఊళ్లో పదిమంది చేరి మంచం మీంచి కిందికి దించారు. ఎవరిది యాత్రో చదివేవాళ్లే చెప్పాలి.

మార్కాపురం: రోగం, మీసం

నాది పలకల వ్యాపారం. ఇప్పుడు పలక మీద దిద్దే పిల్లలు తక్కువ కాబట్టి గోడలకూ మెట్లకూ వేసుకునే రాయి కూడా అమ్ముతున్నాను. కొన్నాళ్లుగా దుకాణంలో కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోతున్నాను. బేరానికి వచ్చినవాళ్లు నేను కళ్లు మూసుకుని ధర గురించి ఆలోచిస్తున్నానని భయపడి, వాళ్లంతట వాళ్లే నాలుగు రూపాయలు పెంచేవాళ్లు. ఈ రోగం వల్ల కలిగిన లాభం అదొక్కటే.

గుంటూరులో డాక్టరు ఒళ్లంతా తీగలు తగిలించి ఒక రాత్రి పడుకోబెట్టి చూశాడు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందట. ఆగి, కాసేపటికి గబుక్కున మళ్లీ అందుకుంటోందట. ఇట్లా రాత్రంతా. గుండెకు మంచిది కాదని సీప్యాప్ అనే మిషను రాశాడు. అది పక్కన పెట్టుకుని, గొట్టం తగిలించిన మాస్కు ముఖానికి కట్టుకుంటే రాత్రంతా గాలి తోస్తూ ఉంటుంది. గొంతు మూసుకుపోకుండా ఆ గాలి కాపాడుతుంది.

వచ్చిన చిక్కు ఏమిటంటే, పుట్టినప్పటి నుంచీ నేను ముక్కును అలంకారానికే ఉంచుకున్నాను. గాలి వ్యవహారాలన్నీ నోటివే. మిషనుతో ఇచ్చింది ముక్కు మాస్కు. అది ముక్కులో పోసిన గాలి నోట్లోంచి బుస్సుమని పోయేది. తెల్లారేసరికి నాలుక ఎండిన గోంగూర ఆకులాగా అంగిలికి అతుక్కుని ఉండేది. డాక్టరు ముక్కూ నోరూ రెండూ మూసే పెద్ద మాస్కు వాడమన్నాడు. వాడమని ఊరుకుంటే బాగుండేది. "మీసం మాత్రం తీసేయాలి. వెంట్రుకల సందుల్లోంచి గాలి కారిపోతుంది" అన్నాడు.

మా ఇళ్లల్లో మీసం తీసేది తల్లో తండ్రో పోయినప్పుడు. నాకు ఆ రెండు సందర్భాలూ అయిపోయాయి. ఇక ఈ జన్మలో మీసానికి గండం లేదని నిశ్చింతగా ఉన్నవాణ్ణి. పైగా నా మీసం సామాన్యమైనది కాదు. రాయి కొనడానికి దొనకొండ నుంచి వచ్చేవాళ్లు షాపు పేరు చెప్పరు, "పెద్దమీసాలాయన దుకాణం" అంటారు. మీసం ఉన్న మూతికి సరిపోయే మాస్కు ఈ భూమ్మీద ఎక్కడో ఒకచోట ఉండకపోదని నా వాదన. ఫోన్లో ఒకటి తెప్పించాను. అది చిన్నదైంది. ముక్కు దూలం మీద పుండు పడింది, మీసంలోంచి లేచిన గాలి కళ్లల్లోకి కొట్టేది. తప్పు మాస్కుదే అని తేల్చాను.

ఇదంతా నా గోల. అసలు గోల నా భార్య సుగుణది. నా ఊపిరి ఆగినప్పుడల్లా ఆమె మోచేత్తో ఒక్క పోటు పొడుస్తుంది, నేను గురక అందుకుంటాను, ఆమె మళ్లీ ఎప్పుడు ఆగుతుందా అని చెవి ఒగ్గి పడుకుంటుంది. అట్లా రెండేళ్లు. కళ్లకింద నలుపు దిగింది, బీపీ వచ్చింది, ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడ్డదల్లా తూలింది. చెయ్యి కాలింది. నా గుండె సంగతి దేవుడెరుగు, ఆ మాస్కు దొరికితే ఆమె నిద్రపోతుంది. మేమిద్దరం ఊరు దాటింది అందుకు.

దారి చూపించింది సుగుణ పిన్నమ్మ ఆదెమ్మ. ఆమెది కొనకనమిట్ల. ఫోన్లో అంతా విని, "పామూరులో మందుల దుకాణం ఆయన కాడ ముక్కుకు మూతికి పెట్టుకునే మాస్కులు రకరకాలుండయంట. గిద్దలూరు పక్క ఎవరో ఆమె కూడా మిషను పెట్టుకొని పండుకుంటాదంట. పోయి చూడండి" అంది. డాక్టరు మాట వినని నేను ఆదెమ్మ పిన్ని మాట విన్నాను. మా పక్క అంతే, తెల్లకోటు కన్నా చుట్టరికానికి విలువెక్కువ.

పామూరు: మందుల దుకాణం

బస్సులో సుగుణకు ఆడవాళ్ల ఉచిత టికెట్టు, నాకు డబ్బుల టికెట్టు. మిషనుకు ఏ టికెట్టో కండక్టరమ్మకు తేలలేదు.

"ఏంది పెద్దాయనా అది, మిక్సీనా?"

"ఊపిరి మిషనమ్మా."

ఆ మాట అన్నదే తడవు, మా ముందు సీట్లో వాళ్లు మూటలు తీసుకుని వెనక్కి పోయారు. కరోనా పోయి ఇన్నేళ్లయినా ఊపిరి అనే మాటకు జనం దడుచుకుంటున్నారు. పొదిలి, కనిగిరి దాటేదాకా నేనూ సుగుణా మిషనూ కాళ్లు చాపుకుని దర్జాగా పోయాము. ఇంత సౌఖ్యం ఆ యూరప్ ఆయనకు విమానంలో దొరికి ఉండదు.

పామూరులో దిగి అడిగితే మందుల దుకాణమని ఒక అంగడి చూపించారు. లోపలికి పోతే నిజంగానే మాస్కులు వరసగా వేలాడుతున్నాయి. దుకాణం ఆయన చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించి టీ చెప్పాడు. పామూరు టీ మా మార్కాపురం టీ కన్నా చిక్కన, గ్లాసు మాత్రం చిన్నది, ధర ఒకటే.

"మాస్కులకేం సామీ, శానా ఉండయి. మిరపకా, పత్తికా?"

అప్పుడు చూశాను. చుట్టూ ఉన్నవి పురుగుమందు డబ్బాలు. ఆదెమ్మ పిన్ని చెప్పిన మందుల దుకాణం ఇది.

"నిద్రకు" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. మా పక్క దుకాణదారు గిరాకీని లేదని పంపడం మర్యాద కింద లెక్క కాదు. రెండు బుడిపెలున్న నల్లటి రబ్బరు మాస్కు ఒకటి దించి, తానే లేచి నా తలకు తగిలించి బిగించాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను పెట్టుకున్న మాస్కులన్నిటిలోకీ మెత్తగా కూర్చున్నది అదే. మీసం మొత్తం లోపల పట్టింది.

"మందు వాసన ఒక్క చుక్క కూడా లోపలికి పోదు" అన్నాడు గర్వంగా.

"గాలి పోతుందా?" అంది సుగుణ.

"గాలి కూడా అంతంత మాత్రమేనమ్మా."

విత్తనాల కోసం వచ్చిన రైతులు ముగ్గురు మా చుట్టూ చేరారు. సంగతి విన్నారు. మాస్కుకు గొట్టం తగిలించే వసతి లేదని నేనంటే, వాళ్లలో ఒకాయన బుడిపె ఊడదీసి చూసి, "దీనికేముందన్నా, డ్రిప్పు పైపు ముక్క తగిలిస్తే సరి. మా బోరు కాడ ఉంది, తెచ్చేదా?" అన్నాడు. ఇంకొకాయన క్లిప్పు ఏ సైజు పడుతుందో చెప్పాడు. నన్ను కందిచేనుగా మార్చి నీళ్లు పారించేదాకా వదిలేటట్టు లేరు. వాళ్ల ఉత్సాహం చూస్తే కాదనడానికి మనసొప్పలేదు గానీ, సుగుణ నా తల మీది పట్టీ విప్పి, మాస్కు ఆయన చేతిలో పెట్టి, పక్క అంగట్లో కందిపప్పు కొనడానికి పోయింది. పామూరు కందిపప్పు మంచి రుచి. పోయినందుకు అదైనా దక్కింది.

కొనకనమిట్ల: బతికి ఉండగా

సాయంత్రానికి ఆదెమ్మ పిన్ని ఇంటికి చేరాము. పిన్ని ఒంటరి మనిషి, కొద్దిగా చేను, రెండు బర్రెలు. అల్లుడు వచ్చాడంటే కొనకనమిట్లలో కోడి బతకడం కష్టం. మా మార్కాపురంలో అల్లుడికి ఇప్పుడు బిరియానీ పార్సిల్ తెప్పిస్తున్నారు. ఇక్కడ ఇంకా సంగటి ముద్దా, నాటుకోడి పులుసూ. వద్దనేకొద్దీ ముద్ద పెద్దదవుతుంది.

ఆ రాత్రి పాత మాస్కుతోనే యుద్ధం చేశాను, ఓడిపోయాను. మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక నాకొక ఆలోచన వచ్చింది. నోరు తెరుచుకోవడమే కదా అసలు జబ్బు, ఆ నోరే తెరుచుకోకుండా చేస్తే ముక్కు మాస్కే చాలు, మీసం జోలికి పోనక్కరలేదు. ఇందుకోసం విదేశాల్లో గదవకు పట్టీలు అమ్ముతారని ఫోన్లో చూశాను. పట్టీ ఎందుకు, తుండుగుడ్డ ఉండగా? పిన్ని ఉతికి ఆరేసిన తెల్ల తుండుగుడ్డ తీసి, గదవ కిందినుంచి నడినెత్తికి లాగి గట్టిగా ముడి వేశాను. ముక్కు మాస్కు పెట్టుకుని, వసారాలో మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. పిన్ని బర్రెలను తోలుకుని చేను వైపు పోయింది. సుగుణ పక్క వీధిలో ఎవరింటికో పలకరింపుకు పోయింది.

ఇక్కణ్ణుంచి కొంతభాగం నాకు తెలియదు, తర్వాత చెబితే విన్నది. కరెంటు పోయింది. మిషను ఆగింది. నిద్రలోనే నేను మాస్కు లాగి పక్కన పడేశాను. మిగిలింది వెల్లకిలా పడుకున్న నేను, గదవకు తెల్లగుడ్డ కట్టు. ఆ కట్టు మా పక్క ఎవరికి కడతారో చదివేవాళ్లకు తెలుసు. పోయినవాళ్ల నోరు తెరుచుకోకుండా కడతారు. బతికున్నవాడు దాన్ని తనంతట తానే కట్టుకుంటాడని ఎవరి ఊహకూ అందదు.

పిన్ని గడ్డిమోపుతో తిరిగొచ్చింది. చూసింది. మోపు అక్కడే వదిలేసింది.

"ఓ నా అల్లుడో! సంగటి తిని గంటన్నా కాకపాయెనే! నా బిడ్డను ఇట్ల చేసి పోతివా నాయనా!"

మా ఊళ్లల్లో ముందు ఏడుస్తారు, ఎట్లా జరిగిందని తర్వాత అడుగుతారు. వీధి వీధంతా వచ్చి అందుకుంది. అట్లాగని మరీ గుడ్డిగా నమ్మలేదు, ఆ మాట చెప్పుకోవాలి. నర్సయ్య తాత అని ఒక పెద్దాయన అందరినీ ఆగమని, నా ముక్కుకింద వేలు పెట్టి చూశాడు. నా ఖర్మ కొద్దీ సరిగ్గా అప్పుడే నా ఊపిరి ఆగి ఉంది. గుంటూరు డాక్టరు తీగలు పెట్టి కనిపెట్టినదాన్ని ఆయన ఒక్క వేలితో తేల్చాడు.

"లేదు. పోయినాడు" అన్నాడు.

పోయినవాణ్ణి మంచం మీద ఉంచకూడదని నలుగురు కాళ్లూ చేతులూ పట్టారు. నన్ను నేలకు దించుతుండగా ఊపిరి మళ్లీ అందుకుంది. అందుకోవడం మామూలుగా ఉండదు, కట్టు కట్టిన నోటితో అయితే ఇంకా ఘోరంగా ఉంటుంది. ఆ చప్పుడుకు నా కాళ్లు పట్టినవాళ్లు కాళ్లు వదిలేసి దూకారు. చేతులు పట్టినవాళ్లు ఆలోచించి వదిలారు. నడుము దెబ్బ తగిలి కళ్లు తెరిస్తే, చుట్టూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్లు, గోడకు అతుక్కున్న నర్సయ్య తాత.

నాకు నవ్వు వచ్చింది. ముడి విప్పుకుని నవ్వబోతున్నాను. అప్పుడు సుగుణ వచ్చింది. ఏడుపు పక్క వీధికి వినబడి పరుగెత్తుకొచ్చింది. సందులో పడింది కాబోలు, మోకాలి దగ్గర చీరకు నెత్తురు. చెప్పుల్లేవు. నన్ను చూసి నిలబడిపోయింది. తర్వాత వచ్చి నా ఛాతీ మీద రెండు చేతుల్తోనూ కొట్టింది.

"వీళ్లందరికీ ఇయ్యాల ఒక్క పూట. నాకు రోజూ ఇదే. నువ్వు రోజూ పోతావు, నేను రోజూ లేపుకొస్తా. ఒక్క గంట నేను పక్కన లేకపోతే ఇట్ల చేసుకొని కూర్చున్నావు. ఇంక నా చేత గాదు. నా చేత గాదు!"

పెళ్లయినప్పటి నుంచి నన్ను మీరు అనే మనిషి. నవ్వు లోపలే ఉండిపోయింది. మాస్కు కోసం తిరుగుతున్నానని నేను అనుకుంటున్నాను, నిజానికి నేను తిరుగుతున్నది మీసం కోసం. ఆమెను పక్కన పెట్టుకుని మరీ తిరుగుతున్నాను. నన్ను చూసి నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఒక్కణ్ణే రోడ్డు మీదికి పోయి మంగలి షాపులో కూర్చున్నాను. మీసం తీసేయమన్నాను. ఆయన కత్తెర కింద పెట్టాడు.

"అయ్యో. ఎవరు పోయినారు సామీ?"

"నేనే" అన్నాను.

మధ్యాహ్నం సంగతి అప్పటికే ఆయన దాకా వచ్చినట్టుంది, డబ్బులు వద్దన్నాడు, బలవంతాన ఇచ్చాను. తిరిగి వస్తే సుగుణ నా మూతి చూసి, పళ్లెంలో పెద్ద చేప ముక్క వేసింది.

రైల్లో: పరామర్శ

మర్నాడు మార్కాపురం రోడ్డు స్టేషన్లో గిద్దలూరు బండి ఎక్కాము. మీసం పోయింది కాబట్టి ఇక మాస్కు సరిపోవాలి కదా అంటారేమో. గాలి కారడం తగ్గింది గానీ, ఉన్నది చిన్న మాస్కు, ముక్కు దూలం మీద పుండు అట్లాగే ఉంది. పెద్దది కావాలి. ఆదెమ్మ పిన్ని చెప్పిన ఆ గిద్దలూరు మనిషి ఒక్కతే మిగిలింది.

బండిలో కంభం ఆయన ఒకాయన కనబడ్డాడు. బట్టల వ్యాపారి, నా మీసాన్ని చాలా కాలంగా ఎరుగును. నన్ను చూడగానే మాట తగ్గించి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"నాకు తెల్వనే తెల్వదు. పెద్దాయన ఎప్పుడో పాయె గదా. అమ్మనా?"

"అమ్మ కూడా ఎప్పుడో పోయిందన్నా."

ఆయన నా తల వైపు చూశాడు. జుట్టు ఉన్నది ఉన్నట్టే ఉంది. మీసం లేదు. ఇదేం లెక్కో అందక ఇబ్బంది పడ్డాడు.

"తిరుపతికి పోయినావా? మరి తల అట్లనే ఉందే. సగం మొక్కా?"

నేను చెప్పేలోగా సుగుణ అందుకుంది. "ఎవరూ పోలేదన్నా. మీసమే పోయింది."

"ఎన్నాళ్లది?"

"కాలేజీలో ఉన్నప్పటి నుంచి" అన్నాను.

"అయ్యయ్యో" అన్నాడు నిజమైన బాధతో. పరామర్శకు తయారైన మనిషి దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. కంభం వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. దిగేటప్పుడు సుగుణతో, "ధైర్యంగా ఉండమ్మా, మళ్లీ మొలుస్తది" అన్నాడు. కొనకనమిట్ల నుంచి అప్పటిదాకా ముడుచుకుని ఉన్న సుగుణ కిటికీ వైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

గిద్దలూరు: ఉగ్గాని

గిద్దలూరులో దిగగానే ఆకలి. మా మార్కాపురంలో పొద్దున ఇడ్లీ, బొంబాయి చట్నీ. ఇక్కడికి వచ్చేసరికి నంద్యాల గాలి తగులుతుంది, హోటల్లో ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. బొరుగులు నానబెట్టి పోపు వేసిన ఉగ్గాని ప్లేటు ముప్పై రూపాయలు, మనిషి మధ్యాహ్నం దాకా నిలబడతాడు. మా ఊళ్లో బొరుగులంటే సాయంత్రం పూట పొట్లం కట్టించుకుని తినే చిరుతిండి. రైలు గంట దాటలేదు, టిఫిను మారిపోయింది.

మందుల షాపుకు పోయాము. ఈసారి మనుషుల మందులే అని బోర్డు చదివి మరీ లోపలికి పోయాను. షాపులో కుర్రాడు కాని పెద్దాడు కాని ఒకతను అంతా విని, పిల్లల ఆయాసానికి పొగ పట్టే మాస్కు తీసి ముందు పెట్టాడు. అది నా ముక్కుకే చాలలేదు.

"మీరు చెప్పే జబ్బు మా గిద్దలూరులో లేద్సార్" అన్నాడు.

"గురక పెట్టేవాళ్లు లేరా?"

"గురకెందుకు లేదు, అందరూ పెడతారు. అది జబ్బు కాదు గదా."

లేచి వచ్చేస్తుంటే మిషనులో పోయడానికి డిస్టిల్డ్ వాటర్ కావాలని గుర్తొచ్చి అడిగాను. గాలి పొడిగా రాకుండా ఆ నీళ్లు పోస్తారు. అతను సీసా తెస్తూ, "బ్యాటరీ మెకానిక్కు తప్ప ఈ నీళ్లు కొనేది ఒక్క రూతమ్మత్తే. ఆమెకూ ఇట్లాంటిదేదో మిషను ఉంది" అన్నాడు. జబ్బు లేదన్నవాడే రోగి చిరునామా చెప్పాడు. ఆటో మాట్లాడి, వాళ్ల ఊరి దారి పట్టాము.

రూతమ్మ వాళ్ల వసారా

ఊరి పేరు రాయను, రూతమ్మ ఇంటి ముందు నాలాంటి వాళ్లు బారులు తీరితే ఆమె కూలికి పోలేదు. ప్రార్థన మందిరం పక్క వీధి, రేకుల వసారా, ముందు పందిరి. రూతమ్మ దిట్టమైన మనిషి, మిరప కోతకు పోయి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నా చేతిలో మిషను సంచి చూసిందో లేదో, సొంత అన్న వచ్చినట్టు ముఖం విప్పారింది.

"వందనాలన్నా! నీకూ ఉందా? అక్కా, రా, కూర్చో. ఇన్నాళ్లూ నాకొక్కదానికే అనుకున్నా."

ఆమె కూతురు గ్రేసు హైదరాబాదులో నర్సు. తల్లి ఊపిరి ఆగుతోందని కనిపెట్టింది, మిషను పంపింది ఆ పిల్లే. రూతమ్మది కూడా నోటి ఊపిరే. గ్రేసు రెండు సైజుల్లో మాస్కులు పంపితే చిన్నది తల్లికి సరిపోయింది, పెద్దది కవరు కూడా విప్పకుండా అటక మీద ఉంది. రూతమ్మ స్టూలు ఎక్కి దించి, దుమ్ము దులిపి నా ఒళ్లో పెట్టింది. ధర అడిగితే, "అది నా బిడ్డతో మాట్లాడుకో" అని ఫోన్లో వీడియో కలిపింది.

గ్రేసు డ్యూటీ డ్రెస్సులోనే ఉంది. నేను కూర్చుని మాస్కు బిగించుకుంటుంటే కేకలేసింది. "కూర్చొని కాదు అంకుల్, పండుకోండి! పండుకుంటే బుగ్గలు జారతాయి, కొలత మారిపోతుంది. మిషను ఆన్ చేసి, గాలి వస్తుండగా పట్టీలు సర్దుకోవాలి." ఇన్నాళ్లూ నేను అద్దం ముందు నిలబడి, తలపాగా చుట్టుకున్నట్టు మాస్కు చుట్టుకుంటున్నాను.

వసారాలో మంచం వేశారు. కిటికీలోంచి వైరు లాగారు. నేను పడుకున్నాను. అప్పటికే వీధిలో సగం మంది పందిరి కింద చేరారు, మిగతా సగం దారిలో ఉన్నారు. ఫోను రూతమ్మ చేతిలోంచి ఇంకొకామె చేతిలోకి, అక్కణ్ణుంచి ఇంకొకామెకు పోయింది.

"పై పట్టీ వదులు చెయ్యమంటాంది!"

"అట్ల గాదు, కిందిది. కింద గాలి పోతాంది, నా చేతికి తగులుతాంది."

"నోరు తెరువు సామీ. తెరిచినా ఏం గాదంట. బాగా తెరువు."

నా జీవితంలో నోరు తెరవమని నాకెవరూ చెప్పలేదు, ముయ్యమని చెప్పినవాళ్లే అందరూ. తెరిచాను. గాలి ఎక్కడికీ పోలేదు. కళ్లల్లోకి కొట్టలేదు, పెదవుల మీద బుస్సుమనలేదు. ముక్కు దూలం మీద బరువు లేదు. గ్రేసు ఏదో అడుగుతోంది, రూతమ్మ ఏదో చెబుతోంది, మాటలు దూరమవుతున్నాయి. ఇంతమంది చూస్తుండగా నిద్రపోతే బాగుండదు అనుకున్నాను. అంతవరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి పందిరి నీడ వీధి అవతలికి పోయింది. జనం లేరు. మిషను సన్నగా శబ్దం చేస్తోంది. నాలుక తడిగా ఉంది. తల తేలిగ్గా, ఎవరో బరువు దించేసినట్టు ఉంది. మాస్కు తీసి సుగుణ కోసం చూశాను. ఎప్పుడు మెలకువ వచ్చినా ముందు ఆమె ముఖం కనబడుతుంది నాకు, ఆ వెనకే మోచేయి. ఈసారి కనబడలేదు. భయం వేసింది.

గడపలో కూర్చున్న రూతమ్మ నోటి మీద వేలు పెట్టుకుని కిందికి చూపించింది. నా మంచం పక్కనే, చాప మీద సుగుణ పడుకుని ఉంది. పరాయి ఇంట్లో మంచినీళ్లు తాగడానికి కూడా మొహమాటపడే మనిషి, పట్టపగలు, ముందురోజు దాకా ఎరుగని వాళ్ల వసారాలో, ఒళ్లు మరిచి నిద్రపోతోంది.

రూతమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "నువ్వు పండుకున్నాక నీ ఛాతీ మీద చెయ్యేసి కూర్చున్నది అన్నా. శానాసేపు తియ్యలే. పండుకో అక్కా, నేను చూస్తా అంటే ఇనలే. ఆగితే ఎట్ల అనింది. ఆగితే లేపుతా, నీకు మాటిస్తన్నా అన్నా. అప్పుడు తల వాల్చింది. తిండి కూడా తినలే."

ఆటో అబ్బాయి వీధి మొదట్లోంచి వచ్చి నిలబడ్డాడు. "సార్, బండి టైమైపోతాంది. అమ్మను లేపండి."

"పోనీలే" అన్నాను.

"ఇంక రేపే సార్ బండి."

"రేపే పోతాం."

రూతమ్మ లేచి, ఇంకొక గిద్దెడు బియ్యం ఎక్కువ పోసుకోవడానికి లోపలికి పోయింది.

ఇన్నేళ్ల కాపురంలో సుగుణ నిద్రపోతుంటే నేను చూసింది లేదు. రాత్రి ఆమె కన్నా ముందు నేను పడిపోయేవాణ్ణి, పొద్దున నా కన్నా ముందు ఆమె లేచేది. నిద్రలో ఆమె కుడిచెయ్యి మడిచి బుగ్గకింద పెట్టుకుంటుందని, నుదుటి మీది గీత పోతుందని నాకు అప్పుడే తెలిసింది. మంచం దిగి చాప పక్కన కూర్చున్నాను. ఆమె ఊపిరి పోతూ ఉంది, వస్తూ ఉంది. ఎక్కడా ఆగలేదు. వీధిలో దీపాలు వెలిగేదాకా అట్లాగే వింటూ కూర్చున్నాను.